క్లబ్ జట్టును మూసేసి డివిజన్ వన్‌కి వెళ్లొద్దు: మన యూనివర్సిటీ తెలుగు పూర్వ విద్యార్థులకు ఒక బహిరంగ లేఖ

అన్నయ్యలకు, అక్కయ్యలకు, నా తర్వాత ఇక్కడ చదివిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నమస్కారం.

పోయిన నెల మనందరికీ యూనివర్సిటీ నుంచి ఒక మెయిల్ వచ్చింది. మన ఐస్ హాకీ క్లబ్ జట్టును ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ ఆటలు నడిపే సంఘం) డివిజన్ వన్ అనే పై స్థాయికి తీసుకెళ్లే ఆలోచన ఉందని, పూర్వ విద్యార్థులు తమ అభిప్రాయం చెప్పాలని, వీలైతే విరాళం హామీ కూడా ఇవ్వాలని అందులో రాశారు. మీలో చాలామంది దాన్ని తెరిచి కూడా చూసి ఉండరు. ఆటల మెయిళ్లు మనకెందుకులే అనుకుంటాం. అదే రోజు మన వాట్సాప్ గ్రూపులో ఒకాయన "భలే, ఇక మనం కూడా టీవీలో కనిపిస్తాం, నేను సంతకం పెట్టేశాను" అని రాస్తే పాతిక మంది చప్పట్ల బొమ్మలు పెట్టారు. అది చూశాకే ఈ ఉత్తరం రాయాలనిపించింది. యూనివర్సిటీకి ఇంగ్లిష్‌లో రాయాల్సింది వేరే రాశాను. ఇది మన కోసం.

నేను 1999లో ఖమ్మం నుంచి ఎంఎస్ చేయడానికి ఇక్కడికొచ్చాను. చదువయ్యాక ఇక్కడే ఉద్యోగం, ఇక్కడే ఇల్లు. మా పెద్దాడు ఇప్పుడు ఇదే యూనివర్సిటీలో ఆఖరి సంవత్సరం చదువుతున్నాడు. నాలుగేళ్లుగా క్లబ్ జట్టుకి గోలీ, అంటే గోల్‌కీపర్. వచ్చే మేలో డిగ్రీ చేతికొస్తుంది, ఆట అక్కడితో ఆపేస్తాడు. కాబట్టి ఏ నిర్ణయం జరిగినా మావాడికి వచ్చేదీ పోయేదీ లేదు. ఈ మాట ముందే చెప్పేస్తే తర్వాత చెప్పేది మీరు నిమ్మళంగా వింటారని ఆశ.

ముందు క్లబ్ జట్టు అంటే ఏమిటో చెప్పాలి. మనలో చాలామందికి తెలియదు, నాకూ మావాడు చేరేదాకా తెలియదు. యూనివర్సిటీ పేరు చొక్కా మీద ఉంటుంది గానీ యూనివర్సిటీ డబ్బు దాదాపు ఉండదు. స్కాలర్‌షిప్ లేదు. ఏసీహెచ్ఏ అనే సంఘం 1991 నుంచి ఈ క్లబ్ జట్లకు పోటీలు నడుపుతోంది. జట్టును నడిపేది మాత్రం పిల్లలే. ప్రెసిడెంట్ ఒక కుర్రాడు, ట్రెజరర్ ఇంకో కుర్రాడు. బస్సు మాట్లాడేది, హోటల్ బుక్ చేసేది, రిఫరీలకు చెక్కులు రాసేది వాళ్లే. మావాడు ఈ సీజన్‌కి 3,200 డాలర్లు కట్టాడు. అందులో సగం వేసవిలో గిడ్డంగిలో పెట్టెలు మోసి సంపాదించుకున్నాడు. ప్యాడ్లకీ స్కేట్లకీ అయ్యే ఖర్చు వేరే.

పోయిన నవంబర్‌లో ఒక మంగళవారం వాడి కారు చెడిపోతే ప్రాక్టీసుకి నేనే తీసుకెళ్లాను. వాళ్లకు ఐస్ టైమ్ రాత్రి 10:45కి. ముందు చిన్నపిల్లల లీగులు, తర్వాత పెద్దవాళ్ల లీగులు అయ్యాక మిగిలిన గంట, అద్దె తక్కువ కాబట్టి వీళ్లకి. జాంబోనీ అనే బండి మంచు మీద నీళ్లు పరిచి బయటికి పోయేదాకా పిల్లలంతా తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. లాబీలో ట్రెజరర్ కుర్రాడు లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, ఇంకా ఎవరెవరు ఎంత కట్టాలో లెక్క చూస్తున్నాడు. పక్కన సివిల్ ఇంజినీరింగ్ పుస్తకం తెరిచే ఉంది. మర్నాడు ఉదయం ఎనిమిదింటికి పరీక్షట. ఒక కుర్రాడి బాకీ దగ్గర ఆగి నన్ను చూసి, "వీడి తల్లికి ఒంట్లో బాగాలేదు ఆంటీ, ఈ నెల మేం సర్దుకుంటాం" అన్నాడు. అర్ధరాత్రి దాటాక ఇంటికొచ్చి గరాజ్‌లో ఫ్యాన్ పెట్టి ప్యాడ్లన్నీ ఆరేశాం. ఆ తడి చెమట వాసన వారం రోజులు పోదు. హాకీ పిల్లలున్న ఏ ఇంట్లోనైనా ఆ వాసన ఉంటుంది.

మా నాన్నగారికి వీడియో కాల్‌లో ఈ సంగతి చెబితే, హాకీ అంటే ఆయన పచ్చటి మైదానం అనుకున్నారు. "గోలీ అంటే మన చిత్తూరు అమ్మాయి రజని లాగానా?" అన్నారు. అవును తాతయ్యా, కాకపోతే మంచు మీద అన్నాడు మావాడు.

ఇప్పుడు ఆ మెయిల్ సంగతికొస్తాను. డివిజన్ వన్‌కి వెళ్లడానికి నేను వ్యతిరేకం కాదు. వెళ్లి బాగుపడ్డ చోట్లున్నాయి. పెన్ స్టేట్ యూనివర్సిటీలో ఐసర్స్ అనే క్లబ్ జట్టు 1971 నుంచి ఆడింది, క్లబ్ స్థాయి జాతీయ టైటిల్ ఏడుసార్లు గెలిచింది. అయినా వర్సిటీ జట్టు, అంటే యూనివర్సిటీయే నడిపే అధికారిక జట్టు, కావడానికి నాలుగు దశాబ్దాలు ఆగాల్సి వచ్చింది. 2010లో టెర్రీ, కిమ్ పెగులా దంపతులు 8.8 కోట్ల డాలర్లు ఇచ్చారు, తర్వాత ఆ విరాళం పది కోట్లు దాటింది. ఆ డబ్బుతో సొంత ఎరీనా కట్టారు. 2012లో అబ్బాయిల జట్టునీ అమ్మాయిల జట్టునీ ఒకేసారి మొదలుపెట్టారు. 2025లో అబ్బాయిలు ఫ్రోజెన్ ఫోర్ దాకా వెళ్లారు, అంటే దేశంలో చివరి నలుగురిలో ఒకరు. నాకు వీటన్నిటికంటే నచ్చింది ఇంకోటుంది. ఐసర్స్‌కి ఏళ్ల తరబడి కోచ్‌గా ఉన్న జో బటిస్టాని పక్కన పెట్టకుండా, ఎరీనా కట్టించి కార్యక్రమాన్ని నిలబెట్టే పని ఆయనకే అప్పగించారు. క్లబ్ స్థాయిలో ఆడాలనుకునే పిల్లలకు అక్కడ ఐస్ లయన్స్ అనే జట్టు కూడా ఉంది.

అరిజోనా స్టేట్ యూనివర్సిటీ సంగతి మనవాళ్లకు ఇంకా దగ్గర. అది ఉన్న టెంపీలో చదివిన తెలుగువాళ్లు లేని ఊరు ఈ దేశంలో ఉందా? 2014 మార్చిలో అక్కడి క్లబ్ జట్టు జాతీయ విజేత అయింది. అదే ఏడాది నవంబర్‌లో, డాన్ ములెట్ కుటుంబం ముందుండి సమకూర్చిన 3.2 కోట్ల డాలర్ల విరాళంతో డివిజన్ వన్‌కి వెళ్తున్నట్టు ప్రకటించారు. కోచ్ గ్రెగ్ పవర్స్ ఒకప్పుడు అదే క్లబ్‌లో గోలీ. ఆయన్నే కొనసాగించారు. ఒక్కసారిగా దూకకుండా 2015–16లో క్లబ్ జట్లతో కొన్ని, ఎన్‌సీఏఏ జట్లతో కొన్ని మ్యాచ్‌లు ఆడి, ఆ తర్వాతే పూర్తి షెడ్యూల్‌కి వెళ్లారు. 2019కల్లా జాతీయ టోర్నమెంట్‌లో ఆడారు. మావాడి గదిలో ఇప్పటికీ పవర్స్ ఫొటో ఉంది. క్లబ్ గోలీగా మొదలైనవాడు ఆ జట్టును అంత దూరం నడిపించాడని వాడికి గొప్ప.

మనకొచ్చిన మెయిల్‌లో ఈ రెండు కథలూ ఉన్నాయి, రంగు రంగుల ఫొటోలతో సహా. లేనివి చెప్తాను.

అరిజోనా స్టేట్ తొమ్మిదేళ్లు ఏ లీగూ లేకుండా ఆడింది. ఎన్‌సీహెచ్‌సీ అనే లీగులో చోటు దొరికింది 2024లో. లీగు లేకపోతే ఏమవుతుందంటే, ప్రతి ఏడాదీ మ్యాచ్‌ల కోసం ఒక్కొక్కరినీ బతిమాలుకోవాలి, ఎక్కువసార్లు మనమే విమానం ఎక్కి వెళ్లాలి. లీగు గెలిచినవాళ్లకు నేరుగా దక్కే జాతీయ టోర్నీ బెర్తు మనకు ఉండదు. కోవిడ్ ఏడాది, 2020–21లో, ఆ జట్టు మొత్తం సీజన్ బయటి ఊళ్లలోనే బిగ్ టెన్ అనే లీగు జట్లతో ఆడింది. సొంత ఎరీనా 2022 దాకా రాలేదు. అప్పటిదాకా టెంపీలోని ఓషన్‌సైడ్ అనే చిన్న రింకులోనే హోమ్ మ్యాచ్‌లు. అంత పెద్ద యూనివర్సిటీ, అంత పెద్ద నగరం పక్కన ఉండి కూడా అన్నేళ్లు పట్టింది. మనది అందులో మూడోవంతు లేదు.

ఇక అలబామా హంట్స్‌విల్ యూనివర్సిటీ గురించి మెయిల్‌లో ఒక్క ముక్క లేదు. అదీ 1979లో క్లబ్‌గానే మొదలైంది. వర్సిటీ అయింది, డివిజన్ టూలో 1996లో, 1998లో జాతీయ ఛాంపియన్ అయింది. డివిజన్ వన్‌కి వెళ్లాక 2007లో, 2010లో జాతీయ టోర్నమెంట్ ఆడింది. దక్షిణాదిన, మంచు పెద్దగా పడని ఊళ్లో, అంత సాధించారు. తర్వాత ఏమైంది? 2020 మేలో జట్టును ఎత్తేస్తున్నామని యూనివర్సిటీ చెప్పింది. అభిమానులు, పాత ఆటగాళ్లు కొద్ది రోజుల్లోనే లక్షల డాలర్లు పోగుచేసి ఒక సీజన్ బతికించుకున్నారు. కానీ వాళ్లున్న లీగు నుంచి ఏడు జట్లు బయటికెళ్లి వేరే లీగు పెట్టుకున్నాయి. హంట్స్‌విల్‌ని ఎవరూ చేర్చుకోలేదు. 2021 మేలో ఆట ఆగిపోయింది. అక్కడ చేరడానికి ఊళ్లు దాటి వచ్చిన పిల్లలు ఇంకో కాలేజీ వెతుక్కోవాల్సి వచ్చింది. విరాళం ఇచ్చినవాళ్లకు మిగిలింది ఏమిటో మీరే ఊహించండి. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇంకో దారి కూడా ఉంది. 2017లో ఎన్‌హెచ్ఎల్ (ఇక్కడి ప్రొఫెషనల్ ఐస్ హాకీ లీగు), దాని ఆటగాళ్ల సంఘం కలిసి డబ్బు పెట్టి కొన్ని యూనివర్సిటీల్లో డివిజన్ వన్ హాకీ సాధ్యమా కాదా అని అధ్యయనం చేయించడం మొదలుపెట్టాయి. అందులో ఇల్లినాయ్ ఒకటి. పెద్ద యూనివర్సిటీ, బిగ్ టెన్ సభ్యురాలు, షికాగో ఆ రాష్ట్రంలోనే ఉంది. ఏళ్ల తరబడి ప్రయత్నించి, ఎరీనాకి సరిపడా డబ్బు కుదరక చివరికి పక్కన పెట్టేశారు. వాళ్ల క్లబ్ జట్టు మాత్రం ఆడుతూనే ఉంది. నా దృష్టిలో అది ఓటమి కాదు. అక్కడి పిల్లలకు శుక్రవారం రాత్రి ఆట ఉంది.

మన దగ్గర నాకు అసలు భయం ఇక్కడే. సమాచార సమావేశం అని ఆన్‌లైన్‌లో ఒకటి పెట్టారు, నేను చేరాను. నలభై నిమిషాల ప్రజెంటేషన్. ఎరీనా బొమ్మ, టికెట్ల అంచనా, కొత్త లోగో. క్లబ్ జట్టు పేరు మూడో స్లయిడ్‌లో "మన హాకీ చరిత్ర" అన్న చోట కనిపించింది, ఆ తర్వాత ఎక్కడా లేదు. ప్రశ్నల దగ్గర నేను అడిగాను: వర్సిటీ మొదలైన రోజు క్లబ్ ఏమవుతుంది? "ఒక యూనివర్సిటీకి ఒక హాకీ గుర్తింపు ఉంటే బాగుంటుందని మా ఆలోచన" అని జవాబు. అంటే మూసేస్తారన్నమాట. ఆ మాట నేరుగా అనలేకపోయారు. నా పక్కనే కూర్చుని వింటున్న మావాడు ఏమీ అనకుండా లేచి గరాజ్‌లోకి వెళ్లిపోయాడు.

ఇప్పుడు క్లబ్‌లో ఆడుతున్నవాళ్లే వర్సిటీలో ఆడతారు కదా అని మీరు అనుకోవచ్చు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. అలా జరగదు. డివిజన్ వన్‌కి వచ్చేవాళ్లలో చాలామంది హైస్కూల్ అయ్యాక ఒకటి రెండేళ్లు జూనియర్ లీగుల్లో ఆడి, ఇరవై ఏళ్లు వచ్చాక కాలేజీలో చేరతారు. 2025 ఆగస్టు నుంచి కెనడా మేజర్ జూనియర్ లీగుల ఆటగాళ్లకు కూడా ఎన్‌సీఏఏ తలుపులు తెరిచింది. రేపు ఎన్‌హెచ్ఎల్‌కి వెళ్లే కుర్రాళ్లు ఇప్పుడు కాలేజీ జట్లలో ఉన్నారు. ఆటగాళ్లకు నేరుగా డబ్బు పంచే కొత్త ఒప్పందంలో చేరిన యూనివర్సిటీల్లో హాకీ జట్టుకి 26 మందికే చోటు. మన ట్రెజరర్ కుర్రాడికి ఆ ఇరవై ఆరులో స్థానం ఉండదు. రాత్రి పదకొండింటికి ఆడి పొద్దున్న పరీక్ష రాసే పిల్లలకు అక్కడ స్థానం ఉండదు. ఆ జట్టు వాళ్ల కోసం కాదు, సరే. కానీ దానికోసం వీళ్ల జట్టును ఎందుకు తీసేయాలి?

అమ్మాయిల సంగతి కూడా చెప్పాలి. మన క్లబ్‌లో అమ్మాయిల జట్టు మొదలై మూడేళ్లే అయింది. మెయిల్‌లో వాళ్ల గురించి "భవిష్యత్తులో పరిశీలిస్తాం" అని రాశారు. 1972 నాటి టైటిల్ నైన్ చట్టం ప్రకారం ఆటల్లో అబ్బాయిలతో సమానంగా అమ్మాయిలకూ అవకాశాలు ఇవ్వాలి. అరిజోనా స్టేట్ అబ్బాయిల హాకీ పెట్టాక ఆ లెక్క సరిచేయడానికి అమ్మాయిలకు లాక్రాస్, ట్రయాథ్లాన్ పెట్టింది. చట్టం ప్రకారం అది సరిపోవచ్చు. హాకీ ఆడే అమ్మాయికి లాక్రాస్ పెట్టాం అని చెబితే ఆమెకు ఏం ఒరుగుతుంది? పెన్ స్టేట్ రెండు జట్లనూ ఒకే ఏడాది మొదలుపెట్టింది. మనమూ అదే అడగాలి.

డబ్బు గురించి కొంచెం. మీలో టీఏ, ఆర్ఏ (బోధనలో, పరిశోధనలో సహాయకులుగా పని) చేసి చదువుకున్నవాళ్లకు సెమిస్టర్ బిల్లు గుర్తుండే ఉంటుంది. ట్యూషన్ మాఫీ అయినా ఫీజులు మాత్రం మనమే కట్టేవాళ్లం. నేను ఆ బిల్లు చేతిలో పట్టుకుని బస్సు పాస్ కొనాలా, బియ్యం కొనాలా అని లెక్క వేసుకున్న రోజులున్నాయి. ఇప్పుడు ఎరీనా నడిపే ఖర్చులో కొంత విద్యార్థుల ఫీజుల నుంచి తీసుకునే ఆలోచన ఉందని ఆ సమావేశంలోనే చెప్పారు. అంటే హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో అప్పు చేసి వచ్చే పిల్లలు, ఒక్క మ్యాచ్ కూడా చూడని పిల్లలు, దీనికి కట్టాలి. విరాళాలతో నడుస్తుందని మనకు చెప్పి, లోటు వాళ్ల నెత్తిన పెట్టడం న్యాయం కాదు. లిండెన్‌వుడ్ యూనివర్సిటీ 2022లో క్లబ్ నుంచి అబ్బాయిల హాకీని డివిజన్ వన్‌కి తీసుకెళ్లింది. ఆ మరుసటి ఏడాదే పలు ఇతర క్రీడల జట్లను మూసేస్తున్నట్టు ప్రకటించింది. హాకీ వల్లే అలా జరిగిందని నేను అనను. కానీ పైమెట్టు ఎక్కిన యూనివర్సిటీకి డబ్బు టెన్షన్ ఎలా ఉంటుందో అది చూస్తే అర్థమవుతుంది.

అందుకని మిమ్మల్ని అడిగేది ఇది. సంతకం పెట్టొద్దని అనను. పెట్టేముందు నాలుగు వాక్యాలు రాయండి. వర్సిటీ వచ్చినా క్లబ్ జట్టు ఉంటుందని, కొత్త ఎరీనాలో వాళ్లకు వారానికి ఇన్ని గంటల ఐస్ టైమ్ అని రాతపూర్వకంగా హామీ అడగండి. అమ్మాయిల వర్సిటీ జట్టు అదే రోజు మొదలుకావాలని అడగండి. ఏదో ఒక లీగు చేర్చుకుంటామని ఉత్తరం ఇచ్చాకే ప్రకటన చేయమనండి. కనీసం పదేళ్లకు సరిపడే నిధి బ్యాంకులో పడ్డాకే పునాది తీయమనండి, ఫీజు పెంచబోమని కూడా అందులోనే రాయమనండి. మన ట్రెజరర్ లాంటి పిల్లలనూ, ఇన్నేళ్లు జీతం లేకుండా పనిచేసిన క్లబ్ కోచ్‌నూ ఆ కమిటీలో కూర్చోబెట్టమనండి. ఇప్పుడు అందులో వాళ్లెవరూ లేరు. ఇవన్నీ ఒప్పుకుంటే మొదటి చెక్కు నాదే. నా భర్తతో మాట్లాడాను, మా శక్తికి తగ్గ మొత్తం అనుకున్నాం కూడా.

మనం రాస్తే వింటారా అని కొందరు అడిగారు. వింటారు. మనవాళ్లు ఇప్పుడు కంపెనీల్లో మంచి హోదాల్లో ఉన్నారు, మనం ఇచ్చే విరాళాల మీద వాళ్లకు ఆశ ఉంది కాబట్టే ఆ మెయిల్ మనకొచ్చింది. ఆ ఆశ ఉన్నంతసేపే మన మాటకు బరువు. ఎరీనా పునాది పడ్డాక మన ఉత్తరాలు ఎవరూ చదవరు.

అభిప్రాయాలకు గడువు ఈ నెల 30. మెయిల్ కింద లింకు ఉంది, పేరు, చదివిన సంవత్సరం అడుగుతుంది, పది నిమిషాల పని. ఇంగ్లిష్‌లో రాయడానికి మొహమాటపడేవాళ్లు నాకు ఫోన్ చేయండి, కలిసి రాద్దాం. దగ్గర్లో ఉన్నవాళ్లు వచ్చే శుక్రవారం రాత్రి రింకుకి రండి, మ్యాచ్ 9:30కి, టికెట్ అయిదు డాలర్లు, ఆ డబ్బంతా పిల్లల బస్సు ఖర్చుకే. లోపల చలి బాగా ఉంటుంది, స్వెటర్ తెచ్చుకోండి. నేను మన గోల్ వెనక మూడో వరుసలో ఉంటాను, ఫ్లాస్కులో టీ తెస్తాను.

మీ
1999 బ్యాచ్ ఖమ్మం చెల్లెలు, ఒక క్లబ్ గోలీ తల్లి